కంట్రోల్ టవర్లో రాహుకాలం

"సైరన్ మోగిందా లేదా? అదొక్కటి చెప్పు తల్లీ."

టవరు అడుగున స్టోర్ రూములో బోర్లించిన పెయింటు డబ్బా మీద కూచున్న శివపార్వతి తలెత్తలేదు. "మోగల్యా అమ్మా. మోగింటే నేను లోపలికి పోతానా? ఆయప్పను ఆడ ఉండనిస్తానా?"

నాగలక్ష్మమ్మ తలూపింది. నిన్న సాయంత్రం నుంచి ఇదే ప్రశ్న శివపార్వతిని నలుగురు అడిగారు. నలుగురికీ ఇదే జవాబు చెప్పింది. నలుగురూ నమ్మలేదు.

హగరి ఏరు దాటినాక పొలాల మధ్య ఉన్న ఆ చిన్న విమానాశ్రయంలో కంట్రోల్ టవరుకు కొత్త ఏసీలు, కొత్త అగ్నిమాపక ఏర్పాట్లు బిగిస్తున్నారు. పని ముగింపుకు వచ్చింది. నిన్న గురువారం మధ్యాహ్నం, టవరు మూడో అంతస్తులోని రేడియో గదిలో మంటలార్పే గ్యాసు సిలిండరు ఉన్నట్టుండి విడుదలైంది. ఏసీ గాలిగొట్టాలు బిగించే రేకుపనివాడు యల్లప్ప లోపల పడిపోయాడు. ఇప్పుడు బళ్ళారిలో ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. ఇంకా కళ్ళు తెరవలేదు.

ఇన్‌స్పెక్టర్ ఇంద్రసేన పొద్దు గుంకేలోపల తేల్చేశాడు. టవరు ఊడ్చే శివపార్వతి కొత్త ఏసీ మిషన్‌కు హారతి ఇచ్చింది, ఆ పొగకు సిలిండరు తెరుచుకుంది, తప్పు ఆమెదే. యల్లప్ప పోతే ఆమె మీద ప్రాణం తీసిన కేసు పడుతుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మనిషి ఇంద్రసేన. అయితే ఆ కుందేలు ఎప్పుడూ దిక్కులేని వాళ్ళ ఇంటి ముందే ఎందుకు దొరుకుతుందో ఆయన ఆలోచించడు.

టవరు ఇన్‌చార్జి తనూజ తెల్లవారగానే నాగలక్ష్మమ్మకు ఫోన్ చేసింది. లారీల కుటుంబంలో పుట్టి, సొంతంగా లారీలు తిప్పి, కాలిపోయిన లారీలు ఎందుకు కాలాయో కనిపెట్టడంలో ఇన్సూరెన్సు కంపెనీలను మించిపోయిన మనిషి నాగలక్ష్మమ్మ. ఆ తర్వాత బళ్ళారి చుట్టుపక్కల ఏది కాలినా, ఏది పేలినా ఆమెకే కబురు. నేత చీర కింద తెల్లటి స్పోర్ట్స్ బూట్లు వేసుకుంటుంది. నవ్వేవాళ్ళను నవ్వనిస్తుంది.

"కర్పూరం ఎప్పుడు వెలిగిస్తివి?"

"ఒంటిగంట లోపలే. మిషన్‌కి, సిలిండర్‌కి, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి హారతి ఇచ్చి దిగొస్తి."

"నిన్నెవరు ఇమ్మనిరి?"

"హరిబాబు సార్. ఎప్పుడూ పూజ ఆయప్పే చేస్తాడమ్మా, ఎవర్నీ ముట్టనీడు. ఈసారి మాత్రం, శివపార్వతమ్మా, ముత్తైదువ చేత్తో అయితే మంచిది, బిరబిరా ఇచ్చేసి వచ్చేయ్ అన్నాడు. ఆయప్ప వాకిట్లోనే నిలబడిండె."

నాగలక్ష్మమ్మ కనుబొమ్మ కొంచెం లేచింది. హరిబాబు కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరు.

"మల్ల మిషన్ అప్పుడే ఎందుకు ఆన్ చేయల్యా?"

"వైర్లు బిగించేతలికి ఒకటిన్నర దాటె. గురువారం గదా, రాహుకాలం పట్టె. మూడు దాటినాక చేద్దామనిరి. అందురూ తిననీకి కిందికి దిగిరి. యల్లప్ప మాత్రం, రాహుకాలం మిషన్‌కి గానీ నాకి గాదు, మూడింటికి ఆన్ చేసేలోపల సందులు మూసేయల్ల అని ఆడనే ఉండిపాయ. హారతి పళ్ళెం ఆడ మర్చిపోతి. దానికోసం పోతి. తలుపు తీస్తే నేలంతా తెల్లగా మంచు మాదిరి ఉండె. యల్లప్ప బోర్లా పడిండె. కాళ్ళు పట్టుకొని బయటికి ఈడ్చినా. ఇంకేం తోచల్యా."

"వాసన ఏమన్నా వచ్చెనా?"

"వాసన లేదమ్మా. గోలీ సోడా తాగి తేన్చితే ముక్కులో ఘాటు పుడుతాదే, అట్ల కొట్టె. కండ్లలో నీళ్ళు కారె."

నాగలక్ష్మమ్మ ఒక్క క్షణం ఆమె ముఖం వైపే చూసింది.

"యల్లప్ప నీకేమన్నా బంధువా?"

"కాదమ్మా. మాదీ ఆయప్పదీ ఒకే ఊరు, ఎమ్మిగనూరు. మా ఇంట్లో బిందె కారినా తట్ట చిల్లిపడినా ఆయప్పే అతికించిపోతాడు. దుడ్లు తీసుకోడు. ఒక చెంబు మజ్జిగ ఇయ్యి వదినా అంటాడు, అంతే." ఇంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. "నన్ను జైల్లో పెట్టుకోనీలే అమ్మా. ఆయప్ప లేస్తే సాలు. ఆయప్ప లేస్తాడా?"

అబద్ధం చెప్పి ఓదార్చడం నాగలక్ష్మమ్మకు చేతకాదు. ఆమె చెయ్యి పట్టుకుంది.

వెనక బూట్ల చప్పుడైంది.

"ఆయ్తా మేడమ్? అయిపోయిందా?" ఇంద్రసేన గుమ్మంలో నిలబడ్డాడు. నాగలక్ష్మమ్మకు పెదనాన్న మనవడి వరస. ఇంట్లో అత్తా అంటాడు, కానిస్టేబుళ్ళ ముందు మేడమ్ అంటాడు. కోపం వస్తే రెండూ కలిసిపోతాయి. "ఆమె చెప్పింది విన్నారు గదా. ఇంక పైకి పోనీకి పర్మిషన్ అడుగుతారేమో, అది మాత్రం ఇవ్వను. సీల్ వేసిన గది."

"పర్మిషన్ నిన్నెవరు అడిగినారప్పా? ఎయిర్‌పోర్టువాళ్ళ రాతపూర్వక అనుమతి నా చేతిలో ఉండాది. నువ్వు తోడు రా, అంతే."

ఇంద్రసేన పళ్ళు కొరికాడు. వెళ్తూ వెళ్తూ స్టోర్ రూము తలుపు బయటి నుంచి గడియపెట్టి తాళం వేశాడు.

"తాళం యాలకు? యాడికి పారిపోతాది ఆయమ్మ?"

"వుమెన్ కానిస్టేబుల్ వచ్చేదాకా. పారిపోతే మెమో నాకొస్తుంది, మీకు రాదు." తాళంచెవిని కానిస్టేబుల్ పక్కీరప్ప చేతిలో పడేశాడు.

"లోపల ఉడికిపోతాది మనిషి. కనీసం ఫ్యానన్నా లేదు."

"టవరుకు కరెంటే లేదు మేడమ్. నిన్న సాయంత్రమే మెయిన్ తీయించినా. ఎవరూ ఏదీ తాకకుండా."

రెండు రోజులు విమానాలు రద్దుచేశారు కాబట్టి కరెంటు లేకపోయినా పట్టించుకునేవాళ్ళు లేరు. నాగలక్ష్మమ్మ తన నీళ్ళ సీసాను కిటికీ ఊచల్లోంచి లోపలికి అందించి, మెట్లెక్కింది. మే నెల ఎండకు గోడలు పొయ్యి మీది పెనంలా సెగ కక్కుతున్నాయి. మెట్ల పక్కనే కింది నుంచి పైదాకా కొత్త రేకు గొట్టం నిలువుగా పోయింది. ఏసీ గాలి పోవడానికి. ప్రతి అంతస్తులోనూ దాని నోరు తెరుచుకునే ఉంది. యల్లప్ప లేడు, మూతలు బిగించేవాడు లేడు.

రేడియో గది గుమ్మంలో తనూజ కనిపించింది. రాత్రంతా నిద్రలేని కళ్ళు. కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి కాలువ భూములకు వచ్చి స్థిరపడిన కుటుంబంలో పుట్టింది. ఈ వైపే పెరిగినా ఇంట్లో మాట్లాడే కోస్తా యాస పోలేదు.

"ముందే ఒక మాట చెప్పేస్తానండి," అంది. "రాహుకాలం దాటనివ్వండి అన్నది నేనే. శివపార్వతి కాదు, హరిబాబుగారు కాదు. పాత ఏసీలు పొద్దున్నే తీసేశారు. ఒకటిన్నరకే కొత్తది ఆన్ చేస్తే అందరం ఇక్కడే ఉండేవాళ్ళం, యల్లప్ప ఒక్కడే చిక్కుకునేవాడు కాదు. మొదటిసారి ఆన్ చేసేది కదా, మంచి వేళ చూద్దామనుకున్నాను. విమానాలు దించే చోటండీ ఇది. ఏ చిన్న చెడూ జరగకూడదని..."

"మంచి కోరి చేసినావు. దాంట్లో తప్పు లేదు. పొద్దుట్నుంచి ఆ గదిలో ఏసీ లేదు, సరే. రేడియోలు ఆడుతానే ఉండెనా?"

"ఆపడానికి లేదండి. ఆడుతూనే ఉన్నాయి. ఆ పెట్టెలే ఎంత వేడో."

"తలుపు?"

"దుమ్ము పడకుండా మూసే ఉంచాం."

ఇంద్రసేన సీలు చించాడు. అందరూ లోపలికి నడిచారు.

గది చిన్నది. రేడియో పెట్టెలు రెండు వరుసలు. మూలన నిలబెట్టిన ఎర్ర సిలిండరు, దాని మెడకు వాడిన బంతిపూల దండ. సిలిండరు నుంచి గొట్టం పైకి పోయి సీలింగు మీద నాలుగు చోట్ల గ్యాసు చల్లే మూతులుగా విడిపోయింది. నాగలక్ష్మమ్మ నేల చూడలేదు. ఒక కుర్చీ లాక్కుని దాని మీదికి ఎక్కింది. ఇంద్రసేన చేతులు చాపి ముందుకు వచ్చాడు.

"అత్తా, పడతావు!"

"పడితే పట్టుకో. పోలీసోడివి గదా." ఆమె సీలింగు మూతి మీద వేలు పెట్టి చూపించింది. "ఇదేంది చెప్పు."

మూతికి అడ్డంగా పసుపురంగు కాగితపు టేపు అంటించి ఉంది. తెల్ల పెయింటు చినుకులు దాని మీద పడ్డాయి. ఇంకో మూడు మూతులకూ అంతే.

"పెయింటర్లు వేసినారు. సీలింగుకు రంగు కొట్టేటప్పుడు. అయితే ఏమైతది?"

"ఏమైతదా? గ్యాసు ఈ మూతుల్లోంచి వచ్చింటే ఈ టేపు యాడుండాల? చిరిగి ఆ గోడకు అతుక్కుని ఉండాల. ఒక్కటన్నా చిరగలేదు. అంటే గ్యాసు ఈ దారిన రాలేదు ఇంద్రసేనా. పొగ తగిలి, సైరన్ మోగి, ఆ పైన గ్యాసు రావాల్సింది ఈ దారిన్నే. సైరన్ మోగల్యా అని ఆయమ్మ నిన్నట్నుంచి మొత్తుకుంటాంది. మోగనీకి పొగ ఉంటే గదా."

ఇంద్రసేన టేపును చూశాడు, సిలిండరును చూశాడు. ఒప్పుకోవడానికి ఆయనకు కొంచెం టైము పడుతుంది.

"మల్ల యాడ్నుంచి వచ్చింది?" అన్నాడు చివరికి.

నాగలక్ష్మమ్మ కుర్చీ దిగి సిలిండరు వెనక్కి పోయింది. కొత్తగా సున్నం వేసిన గోడ మీద కుంకుమ ఎర్రగా విసనకర్ర ఆకారంలో చిమ్మింది. శివపార్వతి సిలిండరు మెడకు పెట్టిన బొట్టు అది. ముందువైపు బొట్టు చెక్కుచెదరలేదు. వెనకవైపు బొట్టు మాత్రం గాలి ఊదినట్టు గోడకు ఎగిరింది. అది ఎగిరిన చోట, సిలిండరు మెడ మీద, బొత్తమంత రాగి బిళ్ళ ఒకటి పువ్వులా చీలి ఉంది.

"పూజ చేయకుండా ఉండింటే ఈ గోడ మనకేమీ చెప్పేది కాదు," అంది ఆమె. "లోపల ఒత్తిడి మీరితే సిలిండరు పగలకుండా ఈ బిళ్ళ చీలి గ్యాసు బయటికి పోవాల. అందుకే పెడతారు. ఈడ అదే జరిగింది. ఎవరూ మీట నొక్కల్యా. ఎవరి కర్పూరమూ కారణం కాదు. గది వేడెక్కింది, సిలిండరు తట్టుకోల్యా, అంతే."

"వేడికి సిలిండర్లు తట్టుకోకపోతే మన బళ్ళారిలో ఒక్కటన్నా మిగులుతుందా?"

"అది మంచి ప్రశ్న. ఫస్టు టైమ్ మంచి ప్రశ్న అడిగినావు. దానికి జవాబు చెప్పాల్సినాయన గుమ్మంలో నిలబడిండాడు."

అందరూ తిరిగి చూశారు. హరిబాబు. నలభై ఏళ్ళ బక్క మనిషి, నుదుట విభూతి, చేతికి ఎర్ర దారం. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదని తనూజ చెప్పింది. గది గడప దాటి లోపలికి రాలేదు.

"లోపలికి రాప్పా," అంది నాగలక్ష్మమ్మ.

"పర్లేదండి, ఇక్కడుంటాను."

"నిన్న కూడా ఆడనే ఉంటివంట. ప్రతి సైట్లో కొబ్బరికాయ నువ్వే కొడతావంట. నిన్న మాత్రం ఆ ఆడమనిషి చేతికి పళ్ళెం ఇచ్చి వాకిట్లో నిలబడితివి. యాలకు?"

"ముత్తైదువ చేత్తో అయితే..."

"ఆ మాట ఆయమ్మ చెప్పింది. నాకు అసలు మాట కావాల."

హరిబాబు చేతి ఎర్ర దారాన్ని తిప్పుకున్నాడు.

"ఈ సిలిండర్లో ఏ గ్యాసు ఉండాది?"

"మనుషులకు హాని లేని రకమండి. సర్టిఫికెట్ ఉంది. కంట్రోల్ టవర్లలో అదే పెట్టాలి. గదిలో మనిషి ఉండగా విడుదలైనా, నడిచి బయటికి వచ్చెయ్యొచ్చు."

"ఎండకు పొంగుతాదా?"

"పెద్దగా పొంగదండి. మన ఎండల్ని దృష్టిలో పెట్టుకునే..." హరిబాబు ఆగిపోయాడు. తన మాటలే తన కాళ్ళకు చుట్టుకుంటున్నాయని ఆయనకు అప్పుడు తెలిసింది.

"అయితే మల్ల, పొంగని గ్యాసు పొంగి బిళ్ళ చింపింది. హాని చేయని గ్యాసు యల్లప్పను పడగొట్టింది. శివపార్వతి ముక్కులో సోడా తాగినట్టు ఘాటు పుట్టింది." నాగలక్ష్మమ్మ గొంతు తగ్గించింది. "సోడాలో నింపే గ్యాసు ఏదో చిన్నపిల్లోడికి కూడా తెలుసు. మూసిన గదిలో అది మనిషిని ఏం చేస్తుందో నీకు తెలుసు. మంటలు ఆర్పనీకి అదీ పనికొస్తాది, చవక కూడా. కానీ ఎండకు బాగా పొంగుతాది, మనుషులుండే చోట పెట్టకూడదు. చెప్పప్పా, ఈ సిలిండర్లో పేరొకటి, సరుకొకటి. అవునా కాదా?"

హరిబాబు గడప మీదే కూలబడ్డాడు. ఇంద్రసేన ఒక అడుగు ముందుకు వేసి ఆయన కాలరు పట్టుకోబోయాడు. నాగలక్ష్మమ్మ చెయ్యి అడ్డుపెట్టింది.

"ఇది నా కేసు అత్తా!"

"కేసు నీదేలే. ముందు నా ప్రశ్న. హరిబాబూ, ఇట్లాంటివి ఎన్ని ఉండాయి ఈ టవర్లో?"

"ఇంకోటండి. రెండో అంతస్తు, బ్యాటరీల గదిలో."

నాగలక్ష్మమ్మ ముఖం మారింది. "బ్యాటరీల గదికి ఏసీ?"

ప్రశ్న హరిబాబును అడిగింది. చూపు మాత్రం ఇంద్రసేన మీద నిలిచింది. నిన్న సాయంత్రం మెయిన్ తీయించినది ఆయనే.

"ఆ గదిని కూడా సీల్ చేసినా," అన్నాడు ఇంద్రసేన మెల్లగా.

ఈసారి పర్మిషన్ గొడవ లేదు. ఇంద్రసేనే ముందు దిగి సీలు చించాడు. తలుపు తీయగానే వేడి ముఖాన కొట్టింది. గోడవారన ఇంకో ఎర్ర సిలిండరు, దానికీ బంతిపూల దండ. పూలు ఒత్తిడి చూపే మీటరు మీదుగా దిగి, దాన్ని పూర్తిగా కప్పేశాయి. నాగలక్ష్మమ్మ దండను పక్కకు తీసింది. మీటరు అద్దం మీద దట్టంగా పసుపు పూసి ఉంది. చీర చెంగుతో తుడిచింది.

ముల్లు ఆకుపచ్చ గీత దాటి, ఎర్రగీత దాటి, చివరి మేకుకు ఆనుకుని బిగుసుకుపోయింది.

"దేవుడికేసిన దండ అనుకుంటి," అంది ఆమె. "ఇది ముల్లుకేసిన దండ."

"నేనే వేశానండి." హరిబాబు మెట్ల మీదే నిలబడి ఏడుస్తున్నాడు. "లోడు దిగిన రోజే ముల్లు చూశాను. ఓనరుకు ఫోన్ చేశాను. వచ్చే నెల మార్పిస్తాం, అందాకా ఎవరూ చూడకుండా చెయ్యి అన్నారు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. రోజూ పొద్దున వచ్చి ముందు సిలిండర్లకే దణ్ణం పెట్టేవాణ్ణండి. నిన్న గదిలో ఆ వేడి చూసి లోపలికి పోవడానికి భయమేసింది, ఆమెను పంపాను. యల్లప్ప లోపల ఉన్నాడని నిజంగా తెలీదు. తెలిస్తే కాళ్ళు పట్టుకుని బయటికి లాగేవాణ్ణి."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆ కడిగే నీళ్ళు కూడా లేని చోట తొక్కాడు ఆ మనిషి. నాగలక్ష్మమ్మకు ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వచ్చింది. రెండూ పక్కన పెట్టింది.

"ఇప్పుడు ఇది చీలితే గ్యాసు యాడికి పోతాది?"

"గాలికన్నా బరువండి. కిందికే దిగుతుంది."

"ఎట్ల దిగుతాది? తలుపు మూస్తే?"

హరిబాబు కళ్ళు గది మూలకు పోయాయి. అక్కడ రేకు గొట్టం నోరు తెరుచుకుని ఉంది. యల్లప్ప బిగించాల్సిన మూత కిందే, నేల మీద పడి ఉంది. "గొట్టంలోంచి దిగిపోతుంది. అడుగున ఇంకో నోరు ఉందండి. స్టోర్ రూములో."

స్టోర్ రూముకు తాళం వేసింది ఇంద్రసేనే.

"పక్కీరప్పా!" అని అరుస్తూ ఆయన మెట్ల మీదికి దూకాడు. "స్టోర్ తలుపు తీయ్! తలుపు తీయ్యో!"

కింద నుంచి జవాబు రాలేదు. పక్కీరప్ప భోజనానికి క్యాంటీన్ దారి పట్టాడు. తాళంచెవి ఆయన జేబులో ఉంది.

వాళ్ళింకా మెట్ల సగంలో ఉండగా పైన ఠప్పుమని చిన్న చప్పుడైంది. ఆ వెంటనే బుస్సుమని పెద్ద శబ్దం. గొట్టం రేకు గడగడ వణికింది. చేత్తో తాకిన నాగలక్ష్మమ్మ వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. మే నెల మధ్యాహ్నం, ఆ రేకు మంచుగడ్డలా ఉంది.

"శివపార్వతీ! కిటికీ పట్టుకో! పైకెక్కి కిటికీలో ముఖం పెట్టు!" అని ఆమె అరిచిన అరుపు టవరంతా మోగింది.

ఇంద్రసేన తాళం మీద రివాల్వర్ పిడితో కొట్టాడు. అది వంగింది, ఊడలేదు. తలుపు సందులోంచి తెల్లటి ఆవిరి ఆయన బూట్ల మీదికి పారింది. ఆయన వెనక్కి రెండు అడుగులు వేసి భుజంతో గుద్దాడు. ఒకసారి, ఇంకోసారి. మూడోసారి గడియతో సహా చెక్క ఊడివచ్చింది.

"ఊపిరి బిగబట్టు! వంగొద్దు, నిలబడే పో!" అంది నాగలక్ష్మమ్మ.

ఆయన లోపలికి పోయాడు. తనూజ తన చున్నీని నోటికి అడ్డం పెట్టుకుని వెనకే పోబోతుంటే నాగలక్ష్మమ్మ నడుం పట్టుకుని ఆపింది. లోపల డబ్బా దొర్లిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. నాగలక్ష్మమ్మ జీవితంలో చాలా మంటల ముందు నిలబడింది. ఇంత నిశ్శబ్దం ముందు ఎప్పుడూ నిలబడలేదు.

తెల్లటి ఆవిరిలోంచి ఇంద్రసేన వచ్చాడు. శివపార్వతి ఆయన భుజం మీద ఉంది. తన ముఖం ఎర్రగా కమిలినా, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆగకుండా టవరు బయటి దాకా నడిచి, జీపు నీడలో ఆమెను పడుకోబెట్టాడు. తర్వాత ఆయనే మోకాళ్ళ మీద కూలిపోయి, దగ్గి దగ్గి, గాలి కోసం నోరు తెరిచాడు.

"కిటికీ ఊచలు పట్టుకునే ఉండె," అన్నాడు గసపోసుకుంటూ. "మీ మాట ఇన్నట్టుంది అత్తా."

ఈసారి మేడమ్ అనలేదు. పరుగెత్తుకొచ్చిన పక్కీరప్ప అది విన్నాడు, విననట్టు నటించాడు.

నాగలక్ష్మమ్మ శివపార్వతి ముఖం మీద నీళ్ళు చల్లింది. ఒకసారి, రెండుసార్లు. కనురెప్పలు కదిలాయి. పెదవులు కదిలాయి.

"యల్లప్ప లేసెనా?" అంది శివపార్వతి.

తనూజ మొహం తిప్పుకుని ఏడ్చింది. ఇంద్రసేన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఒక ఆడమనిషి ముందు, అదీ తాను తాళం వేసిన ఆడమనిషి ముందు, ఏం చెప్పాలో ఆయనకు తెలియలేదు. తెలియకపోయినా చెప్పాడు.

"అమ్మా, తప్పు నాది. నీ మీద కేసు లేదు. ఇప్పుడే నా జీపులో ఆస్పత్రికి పోదాం. నీకీ వైద్యం చేయిస్తా, యల్లప్పనూ చూపిస్తా. పక్క మంచమే ఇప్పిస్తా, చాలా?"

శివపార్వతి చేతులు జోడించబోయింది. నాగలక్ష్మమ్మ ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. "నువ్వు ఎవరికీ దణ్ణం పెట్టనక్కర్లేదు తల్లీ," అంది. పక్కీరప్ప జీపు తలుపు తీశాడు.

"అక్కడికి వద్దండి."

హరిబాబు. టవరు గోడకు ఆనుకుని, అక్కడే కూచుండిపోయాడు. అందరూ అతన్ని మర్చిపోయారు.

"ఏమంటివి?" అంది నాగలక్ష్మమ్మ.

"ఆ ఆస్పత్రికి తీసుకుపోవద్దండి. యల్లప్పను కూడా అక్కణ్ణుంచి తీసేయాలి. ఇప్పుడే. ఈ లోడులో వచ్చినవి రెండు కాదండి, నాలుగు. మిగతా రెండూ పోయిన నెల ఆ ఆస్పత్రిలో బిగించాం. ఐసీయూ గోడ అవతల, స్కానింగ్ మిషన్ గదిలో."

నాగలక్ష్మమ్మ ఆయన ముందు గొంతుక్కూచుంది. కోపంగా కాదు. చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు మెల్లగా అడిగింది.

"ఆ గదిలో ఏసీ తిరుగుతాందా హరిబాబూ?"

"నిన్న రాత్రి నుంచి ఆగిపోయిందని వాళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారండి," అన్నాడు హరిబాబు. "నేనే ఎత్తలేదు."